ఎలుగ్గొడ్డు కథను నేను దిద్దిన సంగతి

నాకు ఒక చోట కాలు నిలవదు. ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడలో బడి వదలగానే, ఏ పనీ లేకపోయినా గీదం దాకా బస్సెక్కి, అక్కడో టీ తాగి, దొరికిన జీపులో తిరిగొచ్చిన రోజులు ఎన్నో. "కాళ్లకు చక్రాలు కట్టుకొని పుట్టినవేందే" అని మా అమ్మ తిట్టేది. పోయినేడాది ఆ నాటకం మొదలుపెట్టాక ఈ జబ్బు ఇంకా ముదిరింది.

నాటకం అంటే స్టేజీ మీద ఆడేది కాదు, ఫోన్లో వినేది. నేను హిందీ బడిలో టీచర్ని. కిరండూల్ రైల్వే క్వార్టర్స్‌లో నాకో స్నేహితురాలుంది. శ్రీకాకుళం వైపు మనిషి, నాకంటే చిన్నది. గొంతులు అతకడం, గాలీ వానా చప్పుళ్లు కలపడం ఆమె పని. రాయడం నా పని. ఇక్కడ పుట్టిన తెలుగు పిల్లలకు తెలుగు వింటే అర్థమవుతుంది, చదవమంటే మాత్రం బిక్కమొహం వేస్తారు. వాళ్ల చేతిలో పుస్తకం పెట్టి లాభం లేదు కాబట్టి చెవిలో వేద్దామనుకున్నాం.

కథ, కాలంలో వెనక్కి వెళ్లే ఒక గుమాస్తాది. రాబోయే రోజుల్లో ఎప్పుడో ఒక ఆఫీసు ఉంటుంది. జనాన్ని కలవరపెట్టే పాత కథలను, అవి పుట్టిన చోటికే వెళ్లి సరిదిద్ది రావడం అక్కడ ఇతని ఉద్యోగం. ఒకసారి ఎవరిదో తాటాకు మీద ఒక్క వాక్యం మార్చి వస్తాడు. వచ్చి చూస్తే ఆ కథ పాత రూపం ఇతనికి తప్ప ఎవరికీ గుర్తుండదు. దాన్ని విని రాసినవాళ్లు, ఆ రాసినవాళ్లను చదివి రాసినవాళ్లు, ఒక్కరూ మిగలరు. ఏడో భాగంలో అతను ఇల్లిల్లూ తిరిగి "ఈ కథ ఇట్లా కాదు కదా" అని అడుగుతుంటాడు. ఆ భాగం రాసిన రోజు నన్ను చూసుకుని నేనే తెగ మురిసిపోయాను.

తాటాకు మీదికి ఎక్కకముందు ఆ కథను నోటితో చెప్పిన ముసలామె ఒకరుండాలి కదా. ఆ గొంతు మాకు దొరకలేదు. స్నేహితురాలు తానే గొంతు వణికించి చేసి వినిపించింది. జలుబు చేసిన మేకలా ఉందన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజుల్లోనే నాకు అవ్వ గుర్తొచ్చింది.

భోపాలపట్నంలో మాది కిరాణా దుకాణం. ఇప్పుడు మా తమ్ముడు చూసుకుంటున్నాడు. అవ్వ మా చుట్టం కాదు, దోర్ల అనే ఆదివాసీ తెగ మనిషి. నా చిన్నప్పుడు మా గోదాంలో కూర్చుని చింతపండులో గింజలు తీసేది. తనవాళ్లతో దోర్లీ, మాతో తెలుగు, ఫారెస్టువాళ్లు వస్తే హిందీ. చేతులు పనిలో ఉంటే నోరు కథలో ఉండేది. నేను హోంవర్కు ఎగ్గొట్టి ఆమె పక్కన చేరేదాన్ని. ఇవాళ నేను నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆమె పెట్టిన భిక్ష. ఈ మాట ఇదివరకు ఎక్కడా అనలేదు, అందుకు సిగ్గుపడుతున్నాను.

ఆదివారం బస్సెక్కి వెళ్లి అవ్వను మా గోదాంలోనే కూర్చోబెట్టాను. గోనె బస్తాల మధ్య గొంతు మార్మోగదు, మాకు అంతకంటే మంచి స్టూడియో లేదు. ఫోను ఆమె ముందు పెడితే అనుమానంగా చూసింది.

"ఏంది బిడ్డా, దీన్లకెళ్లి నా గొంతు ఎటు పోతది?"

"కిరండూల్ పోతది అవ్వా."

"కిరాయి లేకుంటనేనా!" అని పగలబడి నవ్వింది. ఎలుగ్గొడ్డు కథ చెప్పమన్నాను. అది నాకు ప్రాణం.

ఒక ఒంటరి మనిషి, ఆడది. ఒక ఇప్పచెట్టు. ఆ చెట్టు కింద రాలిన పువ్వును ఆమే, ఒక ఎలుగ్గొడ్డూ పంచుకుంటారు. తెల్లవారకముందు అది తిని పోవాలి, తెల్లవారాక ఈమె ఏరుకోవాలి. ఒకరి వేళలో ఒకరు రాకూడదు. అట్లా ఏళ్లు గడుస్తాయి. ఒక కరువు సంవత్సరం ఊళ్లో మిగతా చెట్లేవీ పూయవు. ఆ పువ్వంతా మనకే కావాలి, ఎలుగు ఎప్పుడొస్తుందో చెప్పు అని ఊరివాళ్లు ఆమెను అడుగుతారు.

ఇంతవరకు అవ్వ గొంతులో కథ చింతపండు పులుపంత స్పష్టంగా వచ్చింది. ఆ తర్వాత ఆమె, ఆ ఆడమనిషి ఊరివాళ్లకు నచ్చజెప్పిందనీ, ఊరూ ఎలుగూ కలిసి పువ్వు పంచుకుని సుఖంగా ఉన్నారనీ చెప్పి ముగించింది. ఆ ముగింపు నేను రాసింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో బడి పిల్లల కోసం స్థానిక కథలు హిందీలో రాసిమ్మన్నారు. నేను అవ్వ కథ ఇచ్చాను, దాన్ని బొమ్మల పుస్తకంగా వేశారు. అసలు కథలో ఆ ఆడమనిషి నచ్చజెప్పదు. ఎలుగు వచ్చే వేళ చెప్పేస్తుంది. ఊరివాళ్లు కాచుకుని దాన్ని చంపేస్తారు. మరుసటేడు చెట్టు పూయదు. ఆమె రోజూ చెట్టు కిందికి వెళ్లి ఎలుగును పిలుస్తూ ఉంటుంది. అంతే, కథ ఆ పిలుపులోనే ఉండిపోతుంది. అవ్వ ఆ పిలుపును దోర్లీలో, సాగదీసి, పాటకూ ఏడుపుకూ మధ్యన పిలిచేది. మాటలు నాకు అర్థమయ్యేవి కావు.

పిల్లలకు ఇంత చేదు ఎందుకని మార్చానని అప్పట్లో అందరికీ చెప్పాను. అది అబద్ధం. ఎవరు ఏ వేళకు ఏ దారిన వస్తారో చెప్పేయడమనేది, ఒక పక్క అన్నలూ ఒక పక్క పోలీసులూ ఉన్న ఈ ప్రాంతంలో కథలో కూడా తేలిగ్గా అనే మాట కాదు. అచ్చులో అది నా పేరుతో ఉంటే ఎవరు వచ్చి ఏమడుగుతారోనని భయపడ్డాను. అదీ సంగతి. పిలుపును మాత్రం అర్థం కాలేదు కాబట్టి వదిలేశాను. కింద 'సేకరణ' అని నా పేరు వేసుకున్నాను. అవ్వ ఊసే లేదు.

"అవ్వా, దీని ఆఖరు ఇట్ల కాదు గదా?" అన్నాను.

"ఇట్లనే బిడ్డా. మా అమ్మ ఇట్లనే చెప్పేది."

"ఎలుగ్గొడ్డును చంపుతరు గదా?"

"ఛీ, ఎందుకు చంపుతరు? నా మనవరాలిని అడుగు. దాని పుస్తకంల గూడ ఇట్లనే ఉన్నది."

మనవరాలు అప్పుడు గోదాం గుమ్మంలోనే ఉంది, కాలేజీ పిల్ల. ఆమెను అడిగితే నవ్వుతూ చెప్పింది. చిన్నప్పుడు హాస్టల్ నుంచి ఆ పుస్తకం ఇంటికి తెచ్చిందట. మొదట్లో అవ్వ కథను ఏదో వేరేగా చెప్పేదట. "పుస్తకంల అట్ల లేదవ్వా" అని పిల్లలంతా ప్రతిసారీ దిద్దేవారట. కొన్నాళ్లకు అవ్వే సరిగ్గా చెప్పడం మొదలుపెట్టిందట. సరిగ్గా అనే మాటే వాడింది. వేరేగా అంటే ఎట్లా అని అడిగితే, గుర్తులేదంది.

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. నేను కుర్చీలో కూర్చుని గుమాస్తా కథ అల్లుతున్నాను, ఆ గుమాస్తా పని ఎప్పుడో చేసేసి కూర్చున్నది నేనే. దానికి కాలయంత్రం కూడా అక్కర్లేకపోయింది, పదహారు పేజీల బొమ్మల పుస్తకం చాలింది.

ఆ వారం నాకు అన్నం సహించలేదు. బోర్డు మీద లెక్క రాస్తూ మధ్యలో ఆగిపోయేదాన్ని. ఆ పిలుపు రాగం చెవిలో ఉంది, మాట ఒక్కటి కూడా రాదు. స్నేహితురాలికి ఫోన్లో అంతా చెప్పాను.

"అక్కా, ఏటీ అనుకోకు. ఆ కథ నువ్వన్నట్టే ఉండేదని నీకు గేరంటీ ఏటి? సిన్నపిల్లవి గదా అప్పుడు. నువ్వే కలగన్నావేమో."

కోపంతో ఫోను పెట్టేశాను. కోపం ఆమె మీద కాదు. ఆ అనుమానం అప్పటికే నన్ను తినేస్తోంది.

అవ్వకు ఒక చెల్లెలుంది, తర్రెం అనే ఊరికి ఇచ్చారు. ఇద్దరూ ఒకే తల్లి దగ్గర ఆ కథ విన్నవాళ్లు. సెలవు పెట్టి బయల్దేరాను. బీజాపూర్ దాకా బస్సు, అక్కడి నుంచి జీపు. దారిలో ఆపిన చోటల్లా ఆధార్ కార్డు చూపించాను. ఎక్కడికి, ఎందుకు అంటే బంధువుల ఇంటికన్నాను. కథ ముగింపు వెతుక్కుంటూ పోతున్నానంటే దింపేసేవాళ్లు.

చెల్లెలు నా మాట ఆసాంతం విన్నది. బోసినోటితో నవ్వింది. "నాకు సగం కథకే నిద్రవట్టేది బిడ్డా. ఆఖరు ఎన్నడు ఇన్న? అది అక్కకే ఎరుక. దాన్నడుగు."

అంత దూరం వచ్చి ఆ మాట వినేసరికి నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆమె పెట్టిన జావ తాగి అదే జీపులో వెనక్కి తిరిగాను. ఇంటికి వెళ్లాలనిపించలేదు. బీజాపూర్లో దిగి భోపాలపట్నం బస్సు ఎక్కాను. ఇక అడగడం కాదు, చెప్పడమే మిగిలింది. నేనే అవ్వకు ఆ కథ చెప్పేస్తే, వింటూ వింటూ ఆమెకే గుర్తొచ్చి పిలుపు అందుకుంటుందని ఆశ.

మర్నాడు పొద్దున అవ్వ వాళ్ల ఇంటి ముందు కూర్చుని చెప్పాను. నాకు గుర్తున్న ఆమె మాటలతోనే, ఆమె ఆగే చోటల్లా ఆగుతూ. వేళ చెప్పేసే చోట అవ్వ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎలుగు పడిపోయే చోట "అయ్యో" అన్నది. ఆమె చెట్టు కిందికి వెళ్లి పిలిచింది అని చెప్పి, రాగం మాత్రం తీసి ఆగాను. అవ్వ పెదవుల వంకే చూస్తూ కూర్చున్నాను. అవి కదలలేదు. ఆమె కళ్లు తుడుచుకుంది.

"మంచిగ కట్టినవు బిడ్డా. పాణం పిసికినట్టయింది."

"నేను కట్టలే అవ్వా. నీదే ఇది. మా గోదాంల కూసోని నువ్వే చెప్పినవు."

"నాదైతే నాకు తెల్వకుంటదా?" అని నా చేయి నిమిరింది, నేనేదో ఆమెను గొప్ప చేయడానికి అంటున్నట్టు. తర్వాత ఒక సలహా కూడా ఇచ్చింది.

"ఆ పిలిచేకాడ ఉత్త రాగమే తీసినవు. మాటలు పెట్టు. పిల్లలు అడుగుతరు."