బండి ఆగే మలుపు

దయ్యాలన్నా శకునాలన్నా నాకు మొదట్నుంచీ చిరాకే. నేను స్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. మా ఆయన సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజరు, ఆయనకి అన్నీ సెంటిమెంట్లే. బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే కాసేపు కూర్చుని, గుక్కెడు నీళ్లు తాగి గానీ కదిలేవారు కాదు. నేను ఎగతాళి చేస్తూనే ఉండేదాన్ని.

ముచ్చటపడి కొన్న ఎస్‌యూవీ ఏడాది తిరక్కుండానే మాకు చుక్కలు చూపించింది. మొదట డ్యాష్‌బోర్డు స్క్రీన్ ఆరిపోయింది. తర్వాత ఏసీ మొరాయించింది. ఆపైన ఇంజనే ఆగిపోవడం మొదలైంది.

అదీ ఒక్కచోటే. ఫిల్మ్ నగర్‌లో మా ఇంటి నుంచి కిందికి దిగే వాలులో, మలుపుకి కాస్త ముందు. రోజూ పొద్దున ఆయన నన్ను స్కూల్లో దింపడానికి తీసుకెళ్తుంటే అక్కడికి రాగానే ఆగేది, ఒక్క నిమిషం తర్వాత మళ్లీ స్టార్టయ్యేది. వాలు వల్ల పెట్రోలు ఒక పక్కకి చేరుతోందేమో అనుకున్నాను. కానీ జూబ్లీహిల్స్‌లో అంతకన్నా నిటారు రోడ్ల మీద ఎప్పుడూ ఆగలేదు. షోరూమ్‌వాళ్లు చూసి, అంతా బాగానే ఉందని పంపేశారు.

ఆయన మాత్రం విసుక్కునేవారు కాదు. పక్కకి తీసి, తన సీసాలోంచి నీళ్లు తాగి, “అమ్మవారు ఒక్క నిమిషం ఆగమంటోందిలే,” అనేవారు.

ఇంతలో కంపెనీ నుంచి రీకాల్ మెసేజ్ వచ్చింది. ఆ మోడల్ ఫ్యూయల్ పంపులో లోపం ఉందట, నడుస్తుండగా ఇంజన్ ఆగిపోవచ్చట, ఉచితంగా మారుస్తారట. నాకు ఎంత సంబరమో!

“చూశారా, అమ్మవారు కాదు, పంపు,” అన్నాను.

“సరే తల్లీ, నీ మాటే కానీ,” అని నవ్వి ఆయనే తీసుకెళ్లి మార్పించుకొచ్చారు.

మర్నాడు పొద్దున బండి అక్కడ ఆగలేదు. మలుపు తిరుగుతుండగా పక్క వీధి వాలులోంచి బ్రేకులు పడని వాటర్ ట్యాంకర్ దూసుకొచ్చింది. ఆయన వైపే గుద్దింది. పక్క సీట్లో ఉన్న నేను బతికాను, ఆయన అక్కడికక్కడే పోయారు.

రీకాల్ వస్తే మార్పించుకోనివాళ్లు ఎవరుంటారని అందరూ ఓదార్చారు. నిజమే. ఆ మాట విన్నప్పుడల్లా నాకు అరవాలనిపిస్తుంది.

పరామర్శకి వచ్చిన షోరూమ్ సర్వీసు మేనేజర్‌ని అడిగాను. “గా పంపు ఖరాబైతే యాడన్నా ఆగుతది మేడమ్. రోజూ గాడనే ఆగుడంటే పంపు వల్ల కాదు,” అన్నాడు.

“మరి పంపు మార్చాక ఎందుకు ఆగలేదు?”

“నాకు తెల్వదు మేడమ్,” అని తల దించుకున్నాడు. నాకూ తెలియదు. ఎన్ని రకాలుగా లెక్క వేసినా తేలడం లేదు.

ఇప్పుడు స్కూలుకి ఆటోలో వెళ్తున్నాను. మలుపుకి ముందు ఆపమంటాను. “ఏందమ్మా, ఏమన్న మర్చిపోయిన్రా?” అని అడుగుతాడు ఆటో అతను. ఏమీ లేదంటాను. మా ఆయన సీసాలోంచి గుక్కెడు నీళ్లు తాగుతాను.

నేను ఇప్పటికీ దేన్నీ నమ్మను. కానీ ఆ ఒక్క నిమిషం ఆగకుండా ఆ మలుపు దాటలేకపోతున్నాను.