పీరా కుళ్లుకోని కారు

పరుపుల హుస్సేన్ పీరాకు కుళ్లు జాస్తి. ఇది నేనంటున్న మాట కాదు, అతనే ఊరంతా చెప్పుకునేవాడు. ఎవరి చేతిలోనైనా కొత్త వస్తువు కనిపిస్తే చాలు, దూది ఏకడం ఆపి, కనుబొమల నిండా దూది దుమ్ముతోనే రోడ్డు మీదికి వచ్చి, ఆళ్లగడ్డ బజారు మొత్తానికి వినబడేట్టు అరిచేవాడు: "నాకు కుళ్లు పుడ్తాందప్పా! ఇట్లాంటిది నాకెందుకు ల్యా?"

ఎక్కడైనా కొత్త వస్తువు కొన్నవాళ్లు దిష్టి తగులుతుందని కొంగు కప్పుకుని ఇంటికి చేరతారు. మా బజారు తీరే వేరు. ఏది కొన్నా ముందు పీరా అంగడి ముందుకు తీసుకురావలసిందే. "కడుపులో పెట్టుకుండేవాళ్ల దిష్టి తగుల్తాది గానీ, ఇట్లా అరిచేటోనిది మనల్నేం చేస్తాది?" అనేది కూరగాయల ఎర్రమ్మ.

ఆ ఎర్రమ్మే ఒకసారి సంతలో ఎవరూ బేరమాడని ఒంటికొమ్ము బర్రెను కొని, తలవంచుకుని తోలుకొస్తోంది. పీరా అడ్డం వెళ్లాడు.

"అక్కా, కుళ్లు పుడ్తాంది! రెండు కొమ్ములుంటే పక్క ఎనుముతో కొట్లాటకు పోతాది. దీనికి ఆ బుద్ధే పుట్టదు. పాలిచ్చుకుంటా కూచుంటాది!"

ఎర్రమ్మ తల లేచింది. అక్కడినుంచి బర్రెను బజారు నడిమధ్యన నడిపించుకుపోయింది.

మా బజారు ఆదెన్న అల్లుడికి పెళ్లినాటికే బట్టతల. పందిట్లో జనం నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే పీరా లేచి, "ఆ నెత్తి చూడండప్పా! దువ్వెన అక్కర్ల్యా, నూనె అక్కర్ల్యా! నేను కుళ్లుకుంటాండా!" అన్నాడు. ఆ రోజంతా పెళ్లికొడుకు పీరా పక్కనుంచి కదల్లేదు.

కానీ ఊళ్లోని రైసు మిల్లు యజమాని తళతళలాడే కొత్త అంబాసిడరు తెచ్చి అంగడి ముందు ఆపి, హారను మోగించి మరీ పిలిస్తే, పీరా సూదిలో దారం ఎక్కిస్తూ, "బాగుండాది లేప్పా" అన్నాడు. అంతే. మిల్లు యజమాని ముఖం మాడిపోయింది.

పీరా అంగడికి ఎదురుగానే నా గడియారాల రిపేరు అంగడి. ఎనభై మూడులో మా బావమరిది ఓబులేసు కువైట్ నుంచి వస్తూ నాకొక డబ్బా తెచ్చాడు. పైన ఎర్రటి రేసు కారు బొమ్మ. మూత తీస్తే లోపల కారు లేదు, ముక్కలున్నాయి. ప్లాస్టిక్ బాడీ, తగరంతో పోతపోసిన ఇంజను, అసలు సిసలు రబ్బరు టైర్లు, పలచని ఇత్తడి రేకులో వెంట్రుకలంత సన్నని చక్రాల పుల్లలు, వైపర్లు, తలుపు పిడులు. అన్నీ మనమే కోసి, వంచి, అతికించుకోవాలట.

"మా తమ్ముడు బంగారట్లాంటి కారు తెస్తాండాడనుకుంటి. దోవలో పగిలిపోయినట్టుండాదే!" అంది నా భార్య వెంకటలక్ష్మమ్మ.

నేను మాత్రం పొంగిపోయాను. ఆ కారు పూర్తిచేసి పీరా ముందు పెట్టాలి. అతను కుళ్లుకోవాలి. ఒంటికొమ్ము బర్రెకు దక్కిన గౌరవం ఎదురంగడి వాణ్నయిన నాకు దక్కకపోవడమేమిటి?

ముక్కలను ఆకురాయితో అరగదీసి, ఉప్పుకాగితంతో నునుపు చేశాను. రంగు కోసం బస్సెక్కి నంద్యాల వెళ్లాను. మొదటి పూత మందమైందని మొత్తం గీకేసి మళ్లీ వేశాను. కంటికి భూతద్దం తగిలించుకుని, చిమటా పట్టకారుతో ఇత్తడి పుల్లలు ఒక్కొక్కటే వంచాను. ఒకనాడు తుమ్ము ఆగక వైపరు ఎగిరి పప్పుగిన్నెలో పడింది. ఆ పూట మా ఇంట్లో పప్పు జల్లెడ పట్టుకుని తిన్నాం.

కారు పూర్తయింది. అరచేతిలో పెట్టుకుని రోడ్డు దాటాను. పీరా అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాగుండాది లేప్పా."

నేను తేరుకునేలోపే అటుగా ఎర్రమ్మ వచ్చింది, అతుకుల గొడుగు వేసుకుని. పీరా ఎగిరి లేచాడు. "అక్కా, ఏం గొడుగక్కా! ఎన్ని రంగులు! నాకు కుళ్లు పుడ్తాంది!"

గడియారం లోపలి చక్రాలు తిప్పే మనిషినై ఉండి కూడా, ఆ అతుకుల గొడుగును చూసి నా కడుపు మండిపోయింది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

మళ్లీ కూర్చున్నాను. పాత రేడియో రాగితీగ విప్పి ఇంజనుకు వైర్లు వేశాను. నా భార్య నగలపెట్టెలోని మకమలు గుడ్డ కత్తిరించి కారులో తివాచీ పరిచాను. ఆమె పెట్టిన శాపనార్థాలు ఇక్కడ రాయను. ఆడవాళ్ల చేతిగడియారం ముల్లు తీసి స్పీడు చూపించే ముల్లుగా అమర్చాను. ప్రతిసారీ రోడ్డు దాటడం, ప్రతిసారీ "బాగుండాది లేప్పా" వినడం.

చివరికి సిగ్గు విడిచి అడిగాను. "ఏం పీరా, దీన్ని చూస్తే నీకు కుళ్లు పుట్టదా?"

"నీకేం తక్కువప్పా గురుసామీ? బంగారట్లాంటి చెయ్యి. నీమింద నేను కుళ్లుకునేదేంది?" అని దూది ఏకుకోసాగాడు. ఆ మాట నాకు పొగడ్తలా వినబడలేదు, నా దరఖాస్తును తిప్పికొట్టినట్టు వినబడింది.

మరుసటి ఏడు మే నెలలో ఓబులేసు సెలవు మీద వచ్చాడు. కారు చూపిస్తానని తన మామను కూడా తీసుకొస్తున్నట్టు కబురు. నేను కారును అంగడి అద్దాల బీరువాలో, నాపరాతి బండ మీద, పీరా కళ్లకు ఎదురుగా పెట్టి, సామాను కోసం నంద్యాల వెళ్లాను. పొద్దంతా చూస్తే అయినా కుళ్లు పుట్టకపోతుందా అని నా ఆశ.

తిరిగొచ్చేసరికి మా ఎండ తన పని తాను చేసింది. అద్దం మీద ఎండ, కింద బండ వేడి. కారు కప్పు లోపలికి కుంగి, బానెట్టు వంకరపోయి, చక్రాలు కాళ్లు చాపినట్టు పక్కలకు జరిగాయి. తీసి దాచేలోపే ఓబులేసు, అతని మామ గడపలోకి వచ్చేశారు.

"ఇదేనా బావా?" అన్నాడు ఓబులేసు, చిన్న గొంతుతో.

మామ కారును చూశాడు, నన్ను చూశాడు, తన చేతిగడియారాన్ని విప్పి జేబులోకి తోసుకున్నాడు. "గడియారాలు గూడా ఇట్లే చేస్తావాప్పా?" అన్నాడు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. బజారులో నా అన్నం నా చేతిపనికున్న పేరు మీదే ఆధారపడి ఉంది. అప్పుడు రోడ్డవతల ఏకుడు చప్పుడు ఆగింది.

"నాకు కుళ్లు పుడ్తాందప్పా!" అంటూ పీరా లోపలికి వచ్చాడు. "ఇన్నాళ్లూ ఇది ఉత్త బొమ్మ. ఇప్పుడు చూడండి! పెండ్లోళ్లందర్నీ నెత్తిన ఎక్కించుకోని నంద్యాల రోడ్డు మింద తిరిగొచ్చిన బండి మాదిరుండాది! కొత్త కారు ఎవుడన్నా చేస్తాడు. తిరిగిన కారు చేసేటోన్ని నేనింతవరకూ చూడల్యా! ఓబులేసూ, మీ బావ చెయ్యి నాకెందుకు ల్యా?"

మామ వంగి మళ్లీ చూశాడు. "అవునబ్బా, టాపు మింద మూటలేసినట్టే కుంగిండాది. దీన్ని ఎట్లా చేసినావప్పా?"

"ఎండలో పెట్టి చేయాల," అన్నాను. అందులో అబద్ధం లేదు కదా. మామ తల ఊపి, జేబులోంచి గడియారం తీసి, రోజూ కాస్త వెనక నడుస్తోందని నా చేతిలో పెట్టాడు.

వాళ్లు వెళ్లాక ఒంటికొమ్ము, బట్టతల, అతుకుల గొడుగు వరసగా నా కళ్ల ముందు తిరిగాయి. ఆ వరసలో చివర నా కారు నిలబడి ఉంది. మిల్లు యజమాని అంబాసిడరు మాత్రం ఎక్కడా లేదు.

సాయంత్రం రోడ్డు దాటాను. "పీరా, నిజంగా కుళ్లు పుట్టిందా?"

"పుట్టిందప్పా." అతను తల ఎత్తలేదు. మీసాల్లోని దూది మాత్రం కదిలింది. "కప్పు సరిచేసుకో, పోతాది."

నేను సరిచేయలేదు. వేడినీళ్లలో ముంచితే దారికి వస్తుందని తెలుసు, చేయగలను కూడా. కానీ ఆ కప్పు బాగుపడిన మరుక్షణం పీరా మళ్లీ "బాగుండాది లేప్పా" అంటాడు.