పేరు చెప్పి తెరిచిన డబ్బా

మా నాయిన పోయి ఇరవై రోజులైంది. పొద్దున చాయ్ తాగి, షాపు షట్టర్ ఎత్తి, కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే వెళ్లిపోయాడు. మేడ్చల్‌లో గేట్లు, గ్రిల్లులు చేయించుకున్నవాళ్లకు ఆయన వెల్డింగ్ పనితనం తెలుసు. నాకు మాత్రం ఆయన వండే పంది మాంసం గురించి చెప్పాలని ఉంది.

దానికి కావలసిన పొయ్యి కూడా ఆయన సొంతంగా చేసుకున్నదే. విదేశాల్లో ఎవరో మాంసాన్ని గంటల తరబడి పొగలో మగ్గబెట్టడం ఫోన్లో చూశాడు. వాళ్ల మాట ఒక్క ముక్క అర్థం కాదు. "మాటలతోని ఏం పని? పొగ ఎటు నుంచి వచ్చి ఎటు పోతాందో కనవడతాంది గద" అనేవాడు. పాత డ్రమ్ము దొరికేదే కానీ, అందులో ఏ కెమికల్ పోశారోనని కొత్త రేకు తెచ్చి, పెట్టెలా అతికి, తలుపు బిగించాడు. శామీర్‌పేట వైపు ద్రాక్షతోటలు తీసేసి ప్లాట్లు చేస్తుంటే ఆ మొదళ్లు తెచ్చి ఎండబెట్టుకున్నాడు. వేప కట్టె పొగ చేదని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఆదివారం పొద్దున ఉప్పు, కారం, వెల్లుల్లి పట్టించిన ముక్కలు లోపల పెడితే సాయంత్రం దాకా తలుపు తీయడు. మేం తొందరపెడితే "జల్దీ గావాల్నంటే ఆమ్లెట్ ఏసుకోండ్రి" అని కసిరేవాడు.

నేను జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో, క్వాలిటీ సెక్షన్‌లో పనిచేస్తాను. చేరిన కొత్తలో ఒక సోమవారం నాయిన ఆ మాంసం డబ్బా నిండా పెట్టిచ్చి, "అందరికి పెట్టు" అన్నాడు. మధ్యాహ్నం మేం ఆరుగురం డబ్బాలు మధ్యలో పెట్టుకుని తింటాం. ఇదేంటని అడిగారు. పంది అనగానే ముఖాలు ఎలా మారతాయో చిన్నప్పటి నుంచి చూసినదాన్ని. "మటన్" అన్నాను.

డబ్బా చూస్తుండగానే ఖాళీ అయింది. మా సీనియర్ అక్కయితే ఎలా వండుతారని కూడా అడిగింది. సాయంత్రం షాపుకెళ్లి సంబరంగా చెప్పాను. నాయిన ముఖం వెలిగిపోయింది.

"ఏమని చెప్పి పెట్టినవ్?" అని అడిగాడు.

చెప్పాను. చేతిలో గ్రైండర్ కింద పెట్టేశాడు.

"వాళ్ల నోట్లెకు ఏం పోతాందో వాళ్లకు చెప్పకపోతివి. వాళ్లను మోసం జేసినవ్, నన్ను దాసిపెట్టినవ్. రేపు నువ్వే చెప్పు. నేను మీ కంపెనీ గేటు కాడ ఉంట."

గొంతు కూడా పెంచలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

మర్నాడు అన్నాల దగ్గర చెప్పాను. అక్క తింటున్న అన్నం వదిలేసి లేచింది. "మా ఇంట్ల అది ముట్టం. ఒక్క మాట చెప్తే నీదేం పోతుండె?" అంది. ఆమె వెనకే ఇంకొకామె లేచింది. మిగిలిన ముగ్గురిలో ఒకాయన తల గోక్కుని, "మటన్ గింత మెత్తగుండదని నాకు అనుమానం గొట్టింది" అన్నాడు.

గేటు బయట నాయిన స్కూటర్ మీద కూర్చుని ఉన్నాడు. ఏడుస్తూ వెళ్లాను.

"ఎంతమంది లేసిన్రు?"

"ఇద్దరు."

"లేవనియ్. ఎరుకయి లేసిన్రు గద."

ఎదురుగా ఉన్న బండి దగ్గర చెరుకు రసం తాగించి, కళ్లు తుడుచుకోమని, మళ్లీ లోపలికి పంపాడు. ఒక పూట గిరాకీ వదులుకుని అంత దూరం వచ్చింది నన్ను శిక్షించడానికి కాదని ఆ రసం తాగుతుంటే తెలిసింది. అలాంటి మనిషి కడుపున పుట్టినందుకు ఆ రోజు నుంచి తలెత్తుకునే తిరుగుతున్నాను.

అక్క నెలరోజులు విడిగా తిని, ఒకనాడు తనే మా బల్ల దగ్గరికి వచ్చింది. అప్పటికి నా డబ్బా పక్క బల్ల మీదికి మారింది. దాని చెంచా వేరు, మూత తీయకముందే పేరు చెప్పేదాన్ని. ప్యాకింగ్ నుంచి, స్టోర్స్ నుంచి కూడా జనం వచ్చేవారు. నాయిన రెండు కిలోలు ఎక్కువ తేవడం మొదలుపెట్టాడు. ఎంత మెచ్చుకున్నారో అడిగేవాడు కాదు. "అందరికి చెప్పినవా?" అని మాత్రం ప్రతి సోమవారం అడిగేవాడు.

పదకొండో రోజు భోజనాలకు మా బంధువులు, "కంపెనీవాళ్లు వస్తరు, పంది ఎందుకు? కోడి కూర వెడితే ఇజ్జత్ ఉంటది" అన్నారు. నాకు ఒళ్లు మండింది. కోడి కూర కూడా వండించండి, నాయిన ఇజ్జత్‌కు మాత్రం ఏ లోటూ లేదు అని, పెట్టె కింద నేనే నిప్పు వేశాను. ముక్కలు ఆయన చేసినంత మెత్తగా రాలేదు. కొన్ని అంచులు మాడాయి కూడా.

జీడిమెట్ల నుంచి పదిహేను మంది దాకా వచ్చారు. వడ్డించేవాళ్లు తక్కువైతే అక్క కొంగు దోపుకుని లేచి, పంది మాంసం గిన్నె అందుకుంది.

"అక్కా, అది..." అన్నాను.

"ఎరుకే. నేను తినకుంటే పెట్టొద్దా?" అంది.

మొదటి విస్తరి దగ్గర వంగింది. గరిటె ఎత్తకముందే, "ఇది పంది మాంసం. ఏసుకుంటరా?" అని అడిగింది. రెండో విస్తరి దగ్గరా అడిగింది. అలా వరుస చివరిదాకా, ఒక్కొక్కరినీ అడిగే వడ్డించుకుంటూ వెళ్లింది.