జెండా కట్టిన లోడు

నిన్న మా ఉక్కు ఫ్యాక్టరీల ఊళ్లో కద్మా నుంచి కాసిడీహ్ వెళ్తుంటే మా ఆటో ఆగిపోయింది. ఎదురుగా ఇల్లంత యంత్రాన్ని మోసుకుంటూ ఒక ట్రేలరు వస్తోంది. ఎన్ని టైర్లో లెక్కపెట్టబోయి మధ్యలోనే వదిలేశాను. అందరూ ఫోన్లు తీసి వీడియోలు పడుతున్నారు. నేను మాత్రం ఆటో దిగాను, ఎక్కాను, మళ్లీ దిగాను. "క్యా హువా అమ్మా? బైఠో నా," అని మా అమ్మాయి విసుక్కుంది. కూర్చోమంటే ఎలా కూర్చోను? ఆ లోడు మీద ఒక నడివయసు మనిషి నిలబడి కర్రతో తీగలు పైకెత్తుతున్నాడు.

ఒకప్పుడు మా ఇంట్లో అదే పని. మా మావగారు వెదురు గెడ నిటారుగా పట్టుకుని బండికి ముందు నడిచేవారు. మా ఆయన లోడు మీద నిలబడి, అడ్డొచ్చిన టీవీ తీగలూ ఫోను తీగలూ ఎత్తి దాటించేవారు. లోడు ఎత్తు కొలిచి, దానికి మూరెడు కలిపి గెడ కోయడం మావగారి పద్ధతి. గెడ తగలకుండా దాటిన కరెంటు తీగను కదిలించేవారు కాదు, దానికి కరెంటూ ఆపించేవారు కాదు. ఆ గెడంటే ఆయనకి ఎంత గౌరవమంటే, ఒకసారి నేను దాంతో నాలుగు మునక్కాయలు కోశానని మూడు రోజులు నా చేతి కాఫీ ముట్టలేదు. నేను భయపడినప్పుడల్లా, "నా గెడకి తగల్లేదంటే లోడుకీ తగల్దు. నీకు బయమేటమ్మా?" అనేవారు.

ఒకరోజు లోడు పెద్ద ట్రాన్స్‌ఫార్మరు. ముందురోజే కొలిచి గెడ కోసేశారు. బయల్దేరే రోజు పొద్దున్న పూజ. ప్రతి లోడుకీ కొబ్బరికాయ కొట్టి, పైన ఎర్రజెండా కట్టాల్సిందే. జెండాకి ఎప్పుడూ వాడే జానెడు వెదురు ముక్క దొరకలేదు. ఈ ఊళ్లో ఇనుముకేం కరువు? రెండు మూరల ఇనపచువ్వ దొరికితే దానికే గుడ్డ చుట్టి, మావగారే స్వయంగా పైకెక్కి కట్టారు. ఎంత ముచ్చటగా ఎగిరిందో!

నేను టిఫిన్ క్యారియరు పట్టుకుని మలుపు దగ్గర నిలబడ్డాను. మావగారు కరెంటు తీగ కింద గెడ నిలిపారు. తగల్లేదు. "ఆనే దో!" అని, బండిని రానిమ్మని చెయ్యూపి, వెనక్కి తిరిగి చూడకుండా ముందుకి సాగిపోయారు. బండి కదిలింది. నేను గెడ చివర చూశాను, జెండా చివర చూశాను. జెండాయే ఎత్తుగా ఉంది! ఆ చువ్వ పక్కనే మా ఆయన, ఫోను తీగ ఎత్తుతూ అటు తిరిగి ఉన్నారు.

మావగారి ఎదుట గొంతెత్తి ఎరగను. మొగుణ్ణి పేరుతో పిలిచే అలవాటు మా ఇళ్లల్లో లేదు. "ఏవండీ!" అని అరిచాను. హారన్ల మోతలో పక్కనున్న ఇద్దరు మగాళ్లు నావైపు తిరిగారు గానీ ఆయన తిరగలేదు. "ఏవండోయ్!" ఊహూఁ. బండి ఇంకో మూర జరిగింది. అప్పుడు నోరు తెరిచి, ఆయన పేరు పెట్టి, ఊరంతా వినేలా పిలిచాను.

ఆయన ఉలిక్కిపడి తిరిగారు. నేను పైకి చూపిస్తున్న వేలు చూసి తల పైకెత్తారు. "రోకో! రోకో!" బండి ఆగింది. చువ్వకీ కరెంటు తీగకీ మధ్య జానెడు కూడా లేదు.

మావగారు గెడ పడేసి రోడ్డు మీదే కూలబడ్డారు. "నానే కొలిసేన్రా, నానే కట్టేన్రా," అని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. మా ఆయన దిగొచ్చి నవ్వబోయారు. "ఏటే, నడిరోడ్డు మీద పేరెట్టి పిలిసీసినావు?" నేను కొట్టినంత పని చేశాను. ఆ తర్వాత మావగారు ఏ లోడుకీ జెండా కట్టలేదు. నేను మళ్లీ మా ఆయన పేరు పలకలేదు.

నిన్నటి ట్రేలరు మా ఆటో పక్కనుంచే మెల్లగా వెళ్లింది. జెండా ఉందేమోనని వెతికాను, లేదు. అయినా మనసు నిలవలేదు. పైనున్న ఆ మనిషి పేరు నాకు తెలియదే! ఇన్నేళ్లలో లోడ్లు పెరిగాయి, టైర్లు పెరిగాయి. కింద నిలబడ్డవాళ్లకి పిలవడానికి దొరికే సమయం మాత్రం ఇప్పటికీ ఆ ఒక్క మూరే.