పుట్టగొడుగు పట్టీ

తొండూరు చుట్టుపక్కల చీనీ తోట, అంటే బత్తాయి తోట, పెట్టినవాళ్లలో ఓబులయ్య చేతి అంటు లేనివాళ్లు తక్కువ. జంబేరి నిమ్మ మొక్క బెరడు చీల్చి, చీనీ కొమ్మ నుంచి కోసిన కన్ను అందులో దూర్చి ఆయన కట్టు కడితే అది బతికి తీరాల్సిందే. పులివెందుల నర్సరీల వాళ్లు అదనులో ఆయన కోసం మోటారు సైకిళ్లు పంపేవాళ్లు. మనిషితోనే కష్టం. ఎవరితోనూ మాట కలపడు, ఎదుటివాడి అంటు కత్తి చూస్తే మొహం చిట్లిస్తాడు. భార్య వెంకటలక్ష్మమ్మ పోయాక ఇంట్లో మాట్లాడే ఆ నాలుగు ముక్కలు కూడా ఆగిపోయాయి. మిగిలింది కత్తి ఒక్కటే.

దాని మీద ఆయన పిచ్చి అంతా ఇంతా కాదు. మొద్దు కత్తితో కోస్తే కన్ను నలుగుతుంది, నలిగిన కన్ను నల్లబడి రాలిపోతుంది. అందుకే సానరాయి మీద నూరాక పట్టీ మీద కూడా లాగాలి. ఒకప్పుడు మంగలి దుకాణాల్లో తోలుపట్టీ ఉండేదే, అదే పని. ఓబులయ్యకు తోలు నచ్చదు, నూనె తాగి జారిపోతుందంటాడు. ఆయన పట్టీ పుట్టగొడుగుది. కూర వండుకునే రకం కాదు. చెట్టు మొదట్లో, నేలకు జానెడు ఎత్తులో, బెరడు చీల్చుకుని పళ్లెంలా ముందుకు పొడుచుకొచ్చే గట్టి రకం. దాన్ని కోసి, నీడలో ఎండబెట్టి, పై పెంకు చెక్కేసి, లోపలి మెత్తటి భాగాన్ని పలకగా కోసేవాడు. ఇంటి ముందు బండ మీద రుద్ది చదును చేసి, బంకతో చెక్కకు అంటించేవాడు. దాని మీద గుడ్డలో జల్లించిన మెత్తటి బూడిద రాసి కత్తి నాలుగుసార్లు లాగితే, ముంజేతి మీద వెంట్రుక తగిలీ తగలకముందే తెగేది. ఆయన మొహం కాస్త విచ్చుకునేది అప్పుడే. అయితే ఒక్కో పట్టీ ఒక్క అదనుకే అరిగిపోయేది.

ఆ పుట్టగొడుగులు బాగా దొరికింది శ్యామలమ్మ తోటలో. మొగుడు పోయినా తోట అమ్మనని మొండికేసి, బోరు ఎండిన ఏడాది ట్యాంకర్లతో నీళ్లు తోలి చెట్లను బతికించుకున్న మనిషి ఆమె. ఆ చెట్లన్నీ ఓబులయ్య అంటు కట్టినవే. వానలు పడ్డాక ఆయన వచ్చి ప్రతి చెట్టు మొదట్లో వంగి చూస్తూ తిరిగేవాడు. కనబడిందల్లా కోసి సంచిలో వేసుకునేవాడు. వేరే అంటుకట్టేవాళ్ల కంట పడకూడదని బొటనవేలంత పుట్టగొడుగు మొలకను కూడా వదిలేవాడు కాదు. పనికిరాని బెరడు చెక్కి చెట్లు శుభ్రం చేస్తున్నాడనుకుని శ్యామలమ్మ మజ్జిగ ఇచ్చేది. ఆయన అవుననలేదు, కాదనలేదు. మజ్జిగ మాత్రం తాగేవాడు.

రెండేళ్ల కిందట చెట్లు ఎండడం మొదలైంది. కొమ్మల చివర్లు పసుపెక్కి, ఆకు రాలి, కాయ ఎదగకుండానే పడిపోయేది. ఆమె మందులు కొట్టించింది, ఎరువు తోలించింది. ఏదీ పనిచేయక, మొన్న ఎండాకాలం హార్టికల్చర్ మేడమ్‌ను పిలిపించింది. ఆ అమ్మాయి ఒక చెట్టు మొదలు తవ్వించి వేరు విరిచింది. లోపల నానిన అట్టలా పుచ్చిపోయి ఉంది. ఈ తెగులు వేరు నుంచి వేరుకు పాకుతుందని, లోపల ముదిరాక బయట పుట్టగొడుగై తేలుతుందని చెప్పింది. అవి తేలిన చెట్లేవో తెలిస్తే, వానలకు ముందే వాటిని వేళ్లతో సహా పెకలించి, చుట్టూ కందకం తీసి, మిగతా తోటను కాపాడుకోవచ్చంది. అలాంటివి ఎప్పుడైనా చూశారా అని అడిగింది. శ్యామలమ్మ లేదంది. పాపం, ఆమెను చూడనిస్తే కదా. ఓబులయ్య అక్కడే గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నోరు మెదపలేదు.

మా పొలం ఆ తోట పక్కనే. నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది ఆ రోజు గుర్తొస్తేనే. తెలియక కోశాడు, సరే. తెలిశాక మూసుకున్న నోటికి ఏం చెప్పాలి? నాలుగూళ్లూ మెచ్చుకున్న చెయ్యి ఆయనది. తాను పుట్టించిన చెట్ల చావును తానే కోసి దాచిపెట్టానని ఎలా చెప్పుకుంటాడులే అనీ అనిపిస్తుంది. ఆ తర్వాత మిగిలిన ఎండాకాలమంతా ఆయన అటువైపు రాలేదు. ఎవరు పిలిచినా పనికి పోలేదు.

తొలి వాన పడిన మర్నాడు పొద్దున, సున్నం బకెట్టు, కుంచె పట్టుకుని వచ్చాడు. శ్యామలమ్మ నీళ్ల పైపు మారుస్తోంది, నేను పక్కనే మా గట్టు మీద ఉన్నాను. ఆయన దగ్గరికి రాకుండానే ఆగిపోయాడు.

“అక్కా, ఆ పుట్టగొడుగులు నేనే కోసుకోని పోతాంటి, కత్తికి పట్టీ చేసుకునేదానికి. యా చెట్టుకు వచ్చినాయో నాకు గుర్తుండాయి.”

ఆమె పైపు కింద పెట్టి ఆయన్నే చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే ఆయనకూ కాస్త తేలికయ్యేది.

“ఆ పొద్దు మేడమ్ అడిగినప్పుడు ఈడనే ఉంటివి గదప్పా,” అంది.

ఓబులయ్య తల వంచుకుని మొదటి సాలులోకి నడిచాడు. నిజంగానే ప్రతి చెట్టూ గుర్తుంది. మొదలు తడిమి, తాను కోసిన మచ్చ చూసి, సున్నంతో గీత గీసి ముందుకు పోయేవాడు. ఆమె వెనకాలే నడిచింది. మొదటి సాలులో అక్కడొకటి, ఇక్కడొకటి పడ్డాయి గీతలు. గీత పడని చెట్టు వచ్చినప్పుడల్లా ఆమె దాని కొమ్మ మీద చెయ్యి వేసి పోయేది. బోరు దాటాక అలా చెయ్యి వేయడానికి చెట్లు దొరకలేదు. రెండు గీతల మధ్య మిగిలిన ఒంటి చెట్లు కూడా అప్పటికే ఆకు రాల్చేసి నిలబడి ఉన్నాయి. సగం తోట కాకముందే బకెట్టులో సున్నం అడుగంటింది. ఇంకొంచెం సున్నం కలుపుకొస్తానని ఆయన లేచాడు.

“వద్దులేప్పా,” అంది శ్యామలమ్మ. “బాగుండేటివి యాడుండాయో చూపీ. వాటికే గీద్దాం.”

ఓబులయ్య తోటంతా కలయజూశాడు. కుంచె చేతిలో పట్టుకుని, ఏ చెట్టు వైపు నడవాలో తెలియక అక్కడే నిలబడిపోయాడు.