సీమోను ఇంట్లోని రసీదు పుస్తకం

నస్పూర్ బొగ్గు గనిలో సీమోను పని పైకప్పును కర్రతో తట్టి చూడటం. గట్టిగా మోగితే కింద మనుషులు పనిలోకి దిగుతారు. డొల్లగా వినబడితే తప్పుకుంటారు. ఇరవై తొమ్మిదేళ్లుగా అతని మాట మీద బతుకుతున్న ఆ మనుషులే మొన్న డిసెంబరులో అతనితో మాట మానేశారు.

దానికి కారణం హరీష్. క్యాంటీను ఎదుట టేబుల్ వేసుకుని ఆదాయపు పన్ను రిటర్నులు నింపుతాడు. నింపుతాడు అనడం నా మర్యాద. జులైలో ముప్పై మంది కార్మికుల పేర్ల మీద, వాళ్లు ఎన్నడూ ఇవ్వని విరాళాలు తలా లక్ష రాశాడు. జీతంలో కోసిన పన్ను తలా ముప్పై వేలు వెనక్కి వస్తే పదివేలు తాను మింగాడు. సీమోను కూడా చూడకుండా ఓటీపీ చెప్పేశాడు. మిగిలిన ఇరవైతో భార్య ప్రిస్కిల్లాకు బట్టలుతికే మిషన్ కొన్నాడు. అందులో అతన్ని నేను వెనకేసుకురాను.

పాత శాసనాలు చదివితే గానుగకూ మగ్గానికీ, చివరికి పెళ్లికీ పన్ను వేసిన రాజులు కనబడతారు. వాళ్లను తిట్టుకునే హక్కు ఆ గానుగవాడికుంది. హరీష్‌కు ఏముంది? వాడూ పన్ను వసూలు చేసేవాడే, రాజ్యం లేదంతే.

డిసెంబరులో అందరి ఫోన్లకూ ఆదాయపు పన్ను శాఖ నుంచి సందేశం వచ్చింది: విరాళం నిజమైతే రసీదు ఉంచుకోండి, కాకపోతే ముప్పై ఒకటిలోగా రిటర్ను సరిదిద్ది పన్ను కట్టండి. సీమోను మెథడిస్టు చర్చిలో కానుకల లెక్క చూసే పెద్ద అని హరీష్‌కు అప్పుడు గుర్తొచ్చింది. షిఫ్టు దిగినవాళ్లను వెంటేసుకుని ఇంటికే వచ్చాడు.

"రసీదు బుక్కు నీ తానే ఉన్నది గదనే అన్నా. ముప్పై చింపితే అయిపాయె."

"ఎవలిచ్చిండ్రు తమ్మీ? క్రిస్మస్ కేకు కాడ దప్ప నిన్ను మా చర్చిల ఎన్నడు జూడలే. నేనైతే నాది సరిజేపిచ్చుకుంట."

పదకొండేళ్లుగా సీమోనుతో జోడీగా పనిచేస్తున్న సంపత్ ముందుకొచ్చాడు. "మా పిల్లల ఫీజులకు వోయినయి పైసలు. నువ్వొక్కనివి సరిజేసుకుంటే ట్యాక్సాఫీసోళ్లు మమ్ముల పట్టుకుంటరు. గంత నీతి ఉంటే మిషనెందుకు కొన్నవే?"

"తప్పు జేసిన. కడ్త."

"కట్టుకో. రేపటిసంది నా పక్కన కూసోకు."

వాళ్లు వెళ్లాక ప్రిస్కిల్లా తలుపు వేసింది. "చేతికొచ్చింది ఇరవై, కట్టేది ముప్పై, పైన వడ్డీ. ఇంకో రసీదు బుక్కు కొట్టిచ్చుకోరాదు, నీకే ఎవలన్న కానుకలిస్తరు."

సీమోను చీటీ నష్టానికి పాడి డబ్బు ఎత్తాడు. ముప్పై ఒకటిన మంచిర్యాలలో ఒక ఆడిటర్ దగ్గర కూర్చుని, ఈసారి ప్రతి గడీ చదివించుకుని రిటర్ను సరిదిద్దించాడు. సాయంత్రం నాలుగుకు పన్ను కట్టిన చలాను చేతికొచ్చింది. హరీష్ అప్పటికే టేబుల్ ఎత్తేసి ఫోన్ ఆపేశాడు.

రెండో తారీఖున గనిలో సీమోను టిఫిన్ గిన్నె విప్పితే చుట్టూ ఉన్నవాళ్లు లేచిపోయారు. తిన్నాక అతను కర్ర తీసుకుని కప్పు తట్టాడు. సంపత్ తలకు పైన కప్పు చప్పుడు డొల్లగా వచ్చింది.

"సంపత్, పక్కకు జరుగు."

సంపత్ అతని మొహం చూడలేదు. పైకి కూడా చూడలేదు. తట్ట ఎత్తుకుని జరిగాడు.