తాతకి కలర్స్ రావు

పాడేరులో నర్సు ఉద్యోగం వచ్చాక మా ఊరు వెళ్ళడమంటే, డ్యూటీల మధ్య దొరికే ఒకటిన్నర రోజు ప్రయాణంగా మారిపోయింది. శనివారం మధ్యాహ్నం డ్యూటీ దిగి, పాపను స్కూలు నుంచి అటే తీసుకుని పెదబయలు దాకా జీపులో వెళ్ళేదాన్ని. అక్కడ ఆటో ఎక్కితే గెడ్డ ఒడ్డున దింపుతాడు. ఆ వాగు దాటాక కొండ మీదికి ముప్పావు గంట నడక. మా ఆయన పని కింద మైదాన ప్రాంతంలో. నెలకు రెండుసార్లు వచ్చేవాడు. అందుకని ఈ రాకపోకలన్నీ నావీ, పాపవీ.

పాపకు అప్పటికి నాలుగేళ్ళు నిండి కొన్ని నెలలు. కొండ ఎక్కలేదు. మా అయ్య కావిడి వేసుకుని గెడ్డ దగ్గరికి ఎదురొచ్చేవాడు. ఒక బుట్టలో పిల్ల, రెండో బుట్టలో నా సంచీ, బరువు సరిపోవడానికి పైన రెండు రాళ్ళు. పిల్ల బుట్ట అంచు పట్టుకుని, దారిలో కనిపించిన మనిషికీ మేకకీ కూడా చెయ్యి ఊపుతూ వెళ్ళేది.

ఆ ఏడు వానలు తగ్గాక అయ్య రావడం మానేశాడు. బదులు అమ్మ వచ్చింది. ఆయనకు మోకాలు నొప్పిగా ఉందని చెప్పింది. నేను నమ్మాను. తరువాతి సారి మాత్రలూ, పూసుకునే మందూ తీసుకెళ్ళాను. అయ్య బుద్ధిగా అందుకుని గోడ గూట్లో పెట్టాడు. పదిహేను రోజులకి మళ్ళీ వెళ్తే ఒక్క మాత్ర కూడా చింపలేదు. ముసలివాళ్ళు మందులు వేసుకోకపోవడం నేను రోజూ చూసేదే కాబట్టి అదీ వింతగా అనిపించలేదు.

ఇప్పుడు ఆలోచిస్తే కనిపించాల్సినవి చాలానే ఉన్నాయి. గుమ్మంలో నిలబడి నేను మాట్లాడేదాకా అయ్య పలకరించేవాడు కాదు. అంబలి గిన్నె అమ్మ ఆయన ముందు పెట్టకుండా చేతికే అందించేది. ఇద్దరూ ఎక్కడికైనా బయల్దేరితే అమ్మ రెండడుగులు ముందుండేది. మెట్టో, బండరాయో వచ్చిన చోట ఊరికే ఏదో ఒక మాట అనేది. వయసు మీద పడ్డాక ఇద్దరికీ ఒకరిమీద ఒకరికి ప్రేమ ఎక్కువైంది అనుకున్నాను. చిన్నప్పుడు వాళ్ళిద్దరూ పక్కపక్కన నడవడం నేను చూసి ఎరగను.

కాఫీ కోతల రోజులు. ఆ ఆదివారం పొద్దున్న అందరం కలిసి తోటకి వెళ్ళాం. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో మా కాఫీ మొక్కలు. చెట్లకి మిరియాల తీగలు అల్లుకుని ఉంటాయి. ఎండ ఆకుల్లోంచి చిల్లులు పడినట్టు దిగుతుంది. అమ్మ, నేను ఒక వరస పట్టుకున్నాం. అయ్య, పాప రెండోది. మా ఇంట్లో మేం మాట్లాడుకునేది ఒడియా కలిసిన మా మాట. పాపకు అది అర్థమవుతుంది గానీ పలకదు. అందుకని దానికోసం వాళ్ళిద్దరూ సంతలో మాట్లాడే తెలుగులోకి దిగుతారు.

పాప అప్పుడే బళ్ళో రంగులు నేర్చుకుంటోంది. కనిపించిన ప్రతివాడికీ పరీక్ష పెడుతోంది. ఆ రోజు దానికి తాత దొరికాడు. ఒక పండు కోసి ఆయన చేతిలో పెట్టి ఇదేం కలర్ అని అడిగింది. ఆయన వేళ్ళ మధ్య కాస్త నొక్కి ఎరుపన్నాడు. కరెక్టే. ఇంకోటి ఇచ్చింది. నొక్కి పచ్చిదన్నాడు. అదీ కరెక్టే. తరవాత తన గౌను చూపించింది. ఆయన కాసేపు ఆగి ఎరుపన్నాడు. గౌను పసుపుపచ్చది. జడ రిబ్బను చూపిస్తే ఆకుపచ్చన్నాడు. అది తెల్లది.

పాప పకపకా నవ్వుతూ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, తాతకి కలర్స్ రావు. నొక్కితేనే వచ్చు."

నేనూ నవ్వాను. నవ్వుతూ అమ్మ వైపు చూశాను. అమ్మ నవ్వడం లేదు. కొమ్మ మీద చెయ్యి అలాగే ఆగిపోయి ఉంది. నా వైపు చూడకుండా, పాపని పిలిచి నీళ్ళ సీసా తెమ్మంది.

నేను అయ్య దగ్గరికి వెళ్ళి ఆయన బుట్టలో చెయ్యి పెట్టాను. ఎర్ర పళ్ళలో కలిసి పచ్చికాయలు, ఆకులు, రెండు చిన్న పుల్లలు. నా చిన్నతనంలో నా బుట్టలో ఒక్క పచ్చికాయ కనిపిస్తే, దాన్ని తీసి నా అరచేతిలో పెట్టి, ఇంటిదాకా అలాగే పట్టుకు రమ్మన్న మనిషి ఆయన. అయ్యా అని పిలిచి ఆయన ముఖంలోకి చూశాను. ఆయన నా గొంతు వినపడిన వైపుకి, నా చెవి పక్కకి, చూస్తున్నాడు. కనుపాపలో పాలచుక్క వేసినట్టు తెల్లగా ఉంది. రోజూ నేను ఆస్పత్రిలో చూసే తెలుపే అది.

మధ్యాహ్నం ఇంటికొచ్చాక అయ్య అరుగు మీద నడుం వాల్చాడు. పాప ఆయన పక్కనే కూర్చుని ఏవో కబుర్లు చెబుతోంది. అమ్మ ఇంటి వెనక టార్పాలిన్ పరిచి, ముందుగా అయ్య బుట్ట గుమ్మరించి, పచ్చివి ఏరడం మొదలుపెట్టింది. చేతులు చాలా వేగంగా కదులుతున్నాయి. అలవాటైన పని అని తెలిసిపోతోంది. నేను పక్కన కూర్చుని ఏరసాగాను. ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను.

"రెండు కోతలు అయిపోనాయి," అంది అమ్మ. "నీతో సెప్పొద్దన్నాడు. సెప్తే ఆపరేసనంటావని."

పక్క ఊళ్ళో ఒకాయన కంటి ఆపరేషన్ చేయించుకుని వచ్చి, కట్టు విప్పేసుకుని, మూడోరోజే మడిలో దిగాడట. ఆ కన్ను పోయింది. అయ్య అప్పట్లో ఆయన్ని చూసి వచ్చి, తన కళ్ళ జోలికి ఎవర్నీ రానివ్వనన్నాడట. నాకు దుఃఖమూ కోపమూ కలిసి వచ్చాయి. ఊళ్ళోవాళ్ళందరి కళ్ళూ చూసి పంపించేదాన్ని, నాకు ఒక్క ముక్క చెప్పలేకపోయావా అన్నాను.

అమ్మ చెయ్యి ఆపలేదు. "నువ్వొచ్చేది ఒక్క పూట. ఆ పూటంతా నీ గుంట ఎనకాలే తిరుగుతావు. నాను ఎప్పుడు సెప్పేదే?"

గుంటంటే మా వైపు పిల్ల. అమ్మ మాటలో కోపం లేదు, నిష్ఠూరం కూడా లేదు. ఉన్నమాట అన్నట్టే అంది. నేను పచ్చికాయలు ఒక పక్కకి నెడుతూ కూర్చున్నాను.

బయల్దేరే ముందు అయ్యతో నేనే చెప్పాను. శుక్లాలని, భయపడాల్సింది లేదని, నేను పక్కనే ఉంటానని చెప్పాను. ఆయన అమ్మ కూర్చున్న దిక్కుకి ఒకసారి తల తిప్పాడు. లేచి, తన కళ్ళకీ కాళ్ళకీ కూడా ఏమీ కాలేదని, పిల్లని గెడ్డ దాకా తనే దింపుతానని, దాన్ని ఎత్తి మెడ మీద కూర్చోబెట్టుకున్నాడు. వద్దన్నాను. వినలేదు. అమ్మ నా సంచీ తీసుకుని వచ్చేసరికి ఆయన చింతచెట్టు దాటిపోయాడు.

నిజం చెప్పాలంటే ఆ దారిలో ఆయన నడక చూస్తే ఎవరూ అనుమానపడరు. ప్రతి రాయీ కాలికి తెలుసు. మలుపు వచ్చే ముందే ఒళ్ళు ఆ వైపుకి తిరుగుతుంది. పాప పైన కూర్చుని ఆయన చెవులు పట్టుకుని ఊగుతోంది. పదడుగుల వెనక నడుస్తూ నేనే పొరపాటు పడ్డానేమో అనుకున్నాను.

ఆ వారమే ఊరికి రోడ్డు వెయ్యడానికి పొక్లెయిన్ వచ్చి, కింది మలుపు దగ్గర కొండని కోసింది. పాతదారి అక్కడ తెగిపోయింది. ఎర్రమట్టి, దాని కింద నిలువెత్తు గొయ్యి. ముందురోజు వచ్చేటప్పుడు అమ్మ మమ్మల్ని పక్కనున్న పొదల్లోంచి చుట్టు తిప్పి తీసుకొచ్చింది. ఆ సంగతి నాకు గుర్తొచ్చేసరికి ఆయన మలుపులో ఉన్నాడు. నేను కేక వేసేలోపల పాప గొంతు వినపడింది.

"తాతా, దారి లేదు."

అది ఆట అనుకున్నాడేమో, ఆయన పాదం ముందుకి చాచాడు. పాదానికి నేల తగల్లేదు. అలాగే ఆగిపోయాడు. వెనక్కి తీయలేదు, ముందుకి పెట్టలేదు. పాప రెండు కాళ్ళూ గట్టిగా పట్టుకుని, ఒంటికాలి మీద ఎంతసేపు నిలబడ్డాడో నాకు తెలీదు. నేను పరుగెత్తుకెళ్ళి నడుం పట్టుకుని వెనక్కి లాగాను. ఆయన మెల్లగా వంగి పాపని దింపి, దాన్ని నా వైపుకి నెట్టాడు. తరవాత నేలమీద కూర్చుండిపోయాడు.

"గుంట మెడ మీదున్నాది," అన్నాడు. కాసేపటికి మళ్ళీ అదే అన్నాడు. "గుంట మెడ మీదున్నాది."

అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. పాప మట్టిలో దొరికిన గులకరాళ్ళు ఏరుకుంటోంది. చివరికి ఆయనే, నా వైపు తిరగకుండా అడిగాడు.

"బేగి అయిపోద్దా? ఎప్పుడు రమ్మంటావు?"

పది రోజుల్లో విశాఖపట్నంలో ఆపరేషన్ అయింది, కుడికంటికి. అమ్మ, పాప కూడా వచ్చారు. పాపని వదిలేసి రావడానికి ఎవరూ లేరు, అమ్మని ఆపడం ఎవరి వల్లా కాలేదు. థియేటరులోకి తీసుకెళ్ళినప్పుడు అయ్య తన చొక్కా జేబులోని పొగాకు పొట్లం తీసి అమ్మ చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని పిడికిట్లో పెట్టుకుని, ఆయన బయటికి వచ్చేదాకా విప్పలేదు.

మర్నాడు కట్టు తీశారు. అయ్య ముందు గోడ చూశాడు, ఫ్యాను చూశాడు, తన చేతులు ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు. పాపని చూసి నవ్వాడు. తరవాత నన్ను చాలాసేపు చూశాడు.

"సిక్కిపోనావేటి," అన్నాడు. "తల కూడా నెరిసింది. డూటీలు ఎక్కువేటి నీకు?"

నాకు ముప్పై నాలుగేళ్ళు. చెంపల దగ్గర నెరిసిన నాలుగు వెంట్రుకలు నేను రోజూ అద్దంలో చూసుకుంటున్నవే. అంతకుముందు వాటి గురించి ఎవరూ అడగలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మందు చుక్కలు వేసే టైమైందని చెప్పి సీసా కోసం సంచీలో వెతికాను.

పక్క ఊరాయనకి జరిగింది గుర్తుంది కాబట్టి డాక్టరు చెప్పినవన్నీ అయ్య అక్షరాలా పాటించాడు. పొగ తగలకూడదు, వంగి బరువులెత్తకూడదు, కంట్లో నీళ్ళు పడకూడదు. ఊళ్ళో మా ఇంట్లో ఇవేవీ కుదరవు కాబట్టి మూడువారాలు పాడేరులో నా దగ్గరే ఉంచుకున్నాను. మిగిలిన కోత కోసం అమ్మ ఒక్కతే వెళ్ళింది.

నా దగ్గర ఆయన ఎప్పుడూ ఒక్క రోజుకి మించి ఉండలేదు. రెండు గదుల అద్దె ఇల్లు. మొదటి రెండు రోజులు ఏ వస్తువు ముట్టుకోవాలన్నా నన్నడిగేవాడు. మూడో రోజు నుంచి నల్లద్దాలు పెట్టుకుని పాపని బడికి దింపడం మొదలుపెట్టాడు. దింపాక ఇంటికి రాడు. సంత రోజైతే సంతలో, కాకపోతే బస్టాండు అరుగుమీద కూర్చుని వచ్చేపోయే మనుషుల్ని చూసేవాడు. బడి వదిలే వేళకి గేటు దగ్గరుండేవాడు. సాయంత్రం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇద్దరూ మెట్ల మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తూనో, పాప పుస్తకంలో బొమ్మలు చూస్తూనో కనిపించేవారు. ఆ పుస్తకంలో ఏనుగు పక్కన టీచరు గీసిన ఇల్లు మరీ చిన్నదని, దాంట్లో మనిషి ఎలా పడతాడని ఆయనకి అభ్యంతరం. పాప టీచరు పక్షం వహించేది. ఆ మూడువారాల్లో పాప మా మాట మాట్లాడ్డం మొదలుపెట్టింది. మొదట నీళ్ళు అడిగింది, తరవాత తాత మీద నాకు చాడీలు చెప్పింది.

ఆయన్ని బస్సెక్కించిన రోజు పాప ఏడవలేదు. శనివారం తనూ వస్తుంది కదా అంది. బస్సు కదలబోతుంటే అయ్య కిటికీలోంచి నన్ను దగ్గరికి పిలిచాడు.

"మీ అమ్మ దగ్గుతంది. నీకు సెప్పొద్దంది. వచ్చేవారం తీసుకొత్తాను, డాట్రుకి సూపించు."

అన్నట్టే తీసుకొచ్చాడు. ఎన్నాళ్ళ నుంచి దగ్గు అని డాక్టరు అడిగితే అమ్మ నాలుగు రోజులంది. అయ్య వెనకనుంచి రెండేళ్ళన్నాడు. అమ్మ ఆయన వైపు చూసిన చూపుకి డాక్టరే తల దించుకుని రాసుకోవడం మొదలుపెట్టాడు. నేను భయపడ్డ టీబీ కాదు. కఫం పరీక్షల్లో ఏమీ రాలేదు. ఎక్స్‌రే చూసి, ఏళ్ళ తరబడి పొయ్యి పొగ పీల్చడం వల్లే అన్నారు. మందులిచ్చారు. అయ్య ఇంటికెళ్ళి పొయ్యిని వెనక చూరు కిందికి మార్చాడు. దగ్గు పూర్తిగా పోలేదు, కానీ తగ్గింది. ఆయన రెండో కంటి ఆపరేషన్ ఇంకా మిగిలే ఉంది. ఈ కోత అయ్యాక అంటున్నాడు.

ఇప్పుడు ఊరెళ్తే మొదటి గంట పాప ఎక్కడ తిరుగుతోందో చూడను. ఊళ్ళో పిల్లలున్నారు, దానికి భాషా వచ్చింది. నేను వాళ్ళిద్దరి దగ్గరా కూర్చుంటాను. బీపీ చూస్తాను, కాళ్ళు వాచాయా అని నొక్కి చూస్తాను, ఎలా ఉందని అడుగుతాను. అమ్మ అయ్య గురించి చెబుతుంది. అయ్య అమ్మ గురించి చెబుతాడు. ఎవరి సంగతి వాళ్ళు మాత్రం ఈరోజుకీ చెప్పరు.